పాత పుస్తకాల మూట

సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రాన్ని వెదుక్కుంటూ వెళ్లలేదు. అదే పాత పుస్తకాల రూపంలో ఆయన చేతికి వచ్చిపడింది.

1905వ సంవత్సరం. మద్రాసు క్రైస్తవ కళాశాలలో జూనియర్ బి.ఏ. తరగతి. ఆ కుర్రవాడికి పదిహేడేళ్లు నిండీ నిండని వయసు. గణితం, భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, తత్వశాస్త్రం, చరిత్ర, ఈ ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఏది తీసుకోవాలో తేలక ఊగిసలాడుతున్నాడు. ఇంట్లో చూస్తే డబ్బుకు కటకట. తండ్రి వీరాస్వామి జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. కుర్రవాడి చదువంతా స్కాలర్‌షిప్పుల మీదే నడుస్తూ వచ్చింది. అప్పటికి పెళ్లి కూడా అయిపోయింది. 1903లో శివకామమ్మతో పెళ్లి జరిగేనాటికి ఆయనకు పద్నాలుగేళ్లు, ఆమెకు పదేళ్లు. అలాంటి ఇంట్లో కొత్త పుస్తకాలు కొనడం అంటే మాటలా?

సరిగ్గా ఆ ఏడే డిగ్రీ పూర్తిచేసుకున్న బంధువు ఒకాయన తన పుస్తకాలను ఈ కుర్రవాడికి ఇచ్చేశాడు. స్టౌట్ రాసిన మనస్తత్వశాస్త్రం, వెల్టన్ రాసిన తర్కశాస్త్రం, మెకంజీ రాసిన నీతిశాస్త్రం. మూడూ తత్వశాస్త్రం తరగతివే. దాంతో చర్చ ముగిసింది. పుస్తకాలు ఏ సబ్జెక్టువి దొరికాయో అదే ఆయన సబ్జెక్టు అయింది. ఆ బంధువు ఏ భౌతికశాస్త్రమో చదివి ఉంటే మనకు దక్కేది ఒక లెక్చరరో, ఒక ఇంజనీరో అయ్యుండేవారేమో, ఎవరు చెప్పగలరు! దేవుని ఏర్పాటు ఎంత మామూలు చేతుల మీదుగా నడుస్తుందో ఆలోచిస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. రాధాకృష్ణన్ కూడా పెద్దయ్యాక ఈ సంగతి గుర్తు చేసుకున్నప్పుడల్లా దాన్ని వట్టి యాదృచ్ఛికం అని కొట్టిపారేయలేకపోయారు. తన జీవితాన్ని ఏదో చెయ్యి నడిపిస్తున్నదన్న భావన ఆయనకు ఉండేది.

బాహుదా రిజర్వాయరు ఉన్న మన నిమ్మనపల్లెకూ ఈ కథకూ ఏమిటి సంబంధం అని అడిగేవారుంటారు. సంబంధం ఉంది. రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో పుట్టారు. పూర్వీకుల ఊరు నెల్లూరు జిల్లా సర్వేపల్లి, ఇంట్లో భాష తెలుగు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు తిరుత్తణి, మదనపల్లె రెండూ అందులోకి వచ్చాయి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లిపోయే దాకా ఆ ఊరూ మన ఊరూ ఒకే జిల్లా. అంతకంటే దగ్గరి చుట్టరికం ఇంకొకటుంది. 1853లో స్కడర్ సోదరులు ఆరంభించిన అమెరికన్ ఆర్కాట్ మిషన్ పేరు మన ప్రాంతపు విశ్వాసులకు కొత్త కాదు. 1863లో మదనపల్లెలో కేంద్రం తెరిచి, ఊరూరా మందులతో, సువార్తతో తిరిగి, తెలుగు బైబిలు సవరణకు ఏళ్ల తరబడి శ్రమించిన డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ ఆ మిషన్ వారే. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు సంఘాల పునాదుల్లో ఆ మిషన్ రాళ్లున్నాయి. ఆ మిషనే వేలూరులో నడిపిన కళాశాలలో, నేడు వూర్హీస్ కళాశాల అని పిలుస్తున్న చోట, 1900 నుంచి 1904 వరకు రాధాకృష్ణన్ చదువుకున్నారు. అంటే మన తాతల ఊళ్లకు బడులూ ఆసుపత్రులూ తెచ్చినవారూ, ఆయనకు పాఠాలు చెప్పినవారూ ఒకే మిషన్‌వారు. అంతకుముందు 1896 నుంచి నాలుగేళ్లు తిరుపతిలో జర్మన్ లూథరన్లు నడిపిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ స్కూల్లో చదివారు. ఆ తర్వాత మద్రాసులో స్కాట్లండ్ మిషనరీల కళాశాల. ఎనిమిదో ఏట నుంచి ఇరవయ్యో ఏట దాకా పన్నెండేళ్లు ఆయన చదువంతా క్రైస్తవ బడుల్లోనే గడిచిందన్నమాట.

ఆ పన్నెండేళ్లు ఆయన మీద ఎలా పనిచేశాయన్నదే అసలు కథ. ఈ భాగం మనకు అంత హాయిగా ఉండదు. అయినా చదవాల్సిందే.

మిషన్ బడుల్లో పిల్లలందరికీ బైబిలు తరగతి ఉండేది. కొత్త నిబంధన ఆయనకు బాగా పరిచయమైంది. దాంతోపాటు ఇంకొకటి కూడా పరిచయమైంది. హిందువుల నమ్మకాలనూ ఆచారాలనూ ఆ ఉపాధ్యాయుల్లో కొందరు తరగతిలోనే విమర్శించేవారు. ఇంట్లో అమ్మ సీతమ్మ చేసే పూజ, తిరుత్తణి కొండకు వచ్చే భక్తులు, చిన్నప్పటి నుంచి పవిత్రమని చూసినవన్నీ బడిలో తప్పుల పట్టికలోకి ఎక్కేవి. పది పన్నెండేళ్ల పిల్లవాడి మనసుకు అది ఎలా తగిలి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. తన లోపలి విశ్వాసం కదిలిపోయిందనీ, పట్టుకున్న ఊతకర్రలు జారిపోయాయనీ ఆయన తర్వాతి రోజుల్లో చెప్పుకున్నారు. వేలూరులో ఉన్నప్పుడు వివేకానందుని రచనలు చేతికి వచ్చి, తన మతం గురించి తలెత్తుకునే ధైర్యం ఇచ్చాయి. కానీ ధైర్యం వేరు, జవాబు వేరు. మిషనరీలు అడిగిన ప్రశ్నలు ఆయన లోపల అలాగే ఉండిపోయాయి. హిందూమతంలో ఏది బతికి ఉంది, ఏది చచ్చిపోయింది? ఆ విమర్శలో ఎంత నిజం, ఎంత అపార్థం? ఇది తేల్చుకోకుండా ఆ పిల్లవాడికి నిద్రపట్టే దారి లేదు.

ఈ ప్రశ్నలు మోసుకుంటూ మద్రాసు చేరిన కుర్రవాడి ఒళ్లో ఆ పాత పుస్తకాల మూట పడింది.

తత్వశాస్త్రం మొదటిసారి చదివే విద్యార్థికి ఎదురయ్యేది ఏమిటి? మహా సిద్ధాంతాలు కావు. తర్కశాస్త్రం పుస్తకం తెరిస్తే మొదట కనిపించేది ఒక చిన్న లెక్కలాంటిది. రెండు మాటలు నిజమైతే మూడో మాట నిజమై తీరుతుందా, లేదా? నలుగురు చెడ్డవాళ్లను చూసి ఊరంతా చెడ్డదనడంలో దోషం ఎక్కడుంది? ఒక మతంలో పుట్టిన దురాచారాన్ని చూపి ఆ మతం పునాదే కుళ్లిందనవచ్చా? నీతిశాస్త్రం పుస్తకం ఇంకో రకంగా గుచ్చుతుంది. మంచి అంటే ఏమిటి? పెద్దలు చెప్పారు కాబట్టి మంచిదా, ఫలితం మంచిది కాబట్టి మంచిదా, లేక దేవుని స్వభావం నుంచి పుట్టినది కాబట్టి మంచిదా? మనస్తత్వశాస్త్రం తెరిస్తే మన మనసు మనల్ని ఎన్ని విధాల మోసగించగలదో తెలుస్తుంది. అప్పటిదాకా కోపంగానో, సిగ్గుగానో మాత్రమే తెలిసిన విషయాన్ని ప్రశ్నగా మార్చి బల్లమీద పెట్టి చూడడం అక్కడ అలవడుతుంది. గాయపడ్డ కుర్రవాడికి అది పెద్ద ఊరట. తిట్టుకు తిట్టు బదులివ్వక్కర్లేదు, వాదానికి వాదం బదులివ్వవచ్చు.

అయితే ఒక లోటు ఉంది. ఆ తరగతిలో గ్రీకులున్నారు, జర్మన్లున్నారు, బ్రిటిషువారున్నారు. మన దేశపు ఆలోచనకు మాత్రం పాఠ్యప్రణాళికలో చోటు లేదు. మద్రాసులో కూర్చుని తత్వశాస్త్రం చదువుతున్న తెలుగు కుర్రవాడు ఉపనిషత్తుల గురించి పరీక్షలో ఒక్క ముక్క రాయనక్కర్లేకుండానే పట్టభద్రుడు కావచ్చు. తనకు కావలసినదాన్ని ఆయన తరగతి బయట తానే తవ్వుకోవలసి వచ్చింది.

ఇక గురువుల సంగతి. విలియం స్కిన్నర్ ఒకరు. రెండోవారు ఆల్‌ఫ్రెడ్ జార్జ్ హాగ్. ఈయన గురించి మన సంఘాల్లో తెలిసినవారు తక్కువ. తెలియాల్సిన మనిషి.

హాగ్ 1875లో ఈజిప్టులో, స్కాటిష్ మిషనరీ కుటుంబంలో పుట్టారు. ఎడిన్‌బరోలో దైవశాస్త్రం చదువుతున్న రోజుల్లో విశ్వాసం కోల్పోయారు. సేవకుడు కావాలని వెళ్లినవాడికి నమ్మకమే లేకుండా పోయింది. నమ్మకం లేకుండా పులిపీఠం ఎక్కడం అబద్ధమవుతుందని ఆ దారి వదిలేశారు. నెమ్మదిగా, కష్టపడి ఆలోచించి, మళ్లీ క్రీస్తు దగ్గరికి వచ్చారు. 1903లో మద్రాసు వచ్చింది అభిషేకం పొందిన పాదిరిగా కాదు, మామూలు అధ్యాపకుడిగా. అభిషేకం 1915లో గానీ జరగలేదు. సందేహం అంటే ఏమిటో పుస్తకాల్లో కాక తన ఒంటిమీద అనుభవించినవాడు కాబట్టే, ప్రశ్న అడిగే విద్యార్థి ఆయనకు శత్రువులా కనిపించలేదని మా అభిప్రాయం.

ఆయన చెప్పే విధానం వేరుగా ఉండేది. హిందూమతంలోని బలహీనతలను ఏరి చూపి గెలవడం ఆయనకు చిన్నతనంగా తోచింది. అవతలివారి విశ్వాసంలో బలమైన చోటు ఏదో అక్కడికే వెళ్లి మాట్లాడాలన్నది ఆయన పట్టుదల. 1904, 1905 సంవత్సరాల్లో, సరిగ్గా రాధాకృష్ణన్ ఆ కళాశాలలో అడుగుపెట్టిన రోజుల్లో, హాగ్ కళాశాల పత్రికలో కర్మ సిద్ధాంతం మీద వ్యాసాలు రాశారు. అవే 1909లో ‘కర్మ అండ్ రిడెంప్షన్’ అనే పుస్తకమయ్యాయి. అందులో ఆయన కర్మ సిద్ధాంతాన్ని మూఢనమ్మకమని తోసిపారేయలేదు. ఎవరు చేసినది వారు అనుభవించాలనడంలో గొప్ప న్యాయబుద్ధి ఉందని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, అక్కడ నిలబడి, ఒక ప్రశ్న వేశారు. దేవుడు ఈ లోకాన్ని నడిపేది కేవలం న్యాయస్థానం పద్ధతిలోనేనా? ఒకరి పాప ఫలితం మరొకరు ప్రేమతో భరించే చోటు ఈ లోకంలో ఉందా, లేదా? సిలువ అర్థమయ్యేది అక్కడే అని ఆయన వాదన. ఇలా అడిగితే అవతలివాడికి అవమానం కలగదు. ఆలోచన కలుగుతుంది.

1907లో బి.ఏ. అయింది. ఎం.ఏ. పట్టాకు ఒక పరిశోధన వ్యాసం రాయాలి. రాధాకృష్ణన్ ఎంచుకున్న విషయం వేదాంతంలోని నీతి. ఇక్కడ ఒక చిన్నమాట చెప్పాలి. మన సంఘాల్లో వేదాంత కళాశాల అంటే పాస్టర్లు చదువుకునే చోటు. ఒకే మాటకు రెండిళ్లు. ఆయన రాసిన వేదాంతం ఉపనిషత్తుల నుంచి వచ్చినది, శంకరాచార్యులు వివరించినది.

ఈ విషయమే ఎందుకు? మిషనరీల విమర్శల్లో అన్నిటికంటే పదునైనది అదే కనుక. లోకమంతా మాయ అయితే అందులో మంచి పనీ మాయే, చెడ్డ పనీ మాయే. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడమెందుకు? కాబట్టి వేదాంతంలో నీతికి చోటు లేదని వారి వాదం. వేలూరు తరగతిలో గుచ్చుకున్న ముల్లు ఇదే. కుర్రవాడు దాన్ని తర్కశాస్త్రం నేర్పిన పద్ధతిలో విప్పుకుంటూ పోయాడు. మాయ అంటే లేనిది అని అర్థం కాదు. లోకం దానంతట అది నిలబడలేదు, పరమసత్యం మీద ఆధారపడి ఉంది అని అర్థం. ఆధారపడినది అబద్ధం కానక్కర్లేదు. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అయినప్పుడు పొరుగువాడి బాధ నా బాధ ఎందుకు కాకూడదు? కాబట్టి వేదాంతంలో నీతికి చోటుండడమే కాదు, పునాదే ఉంది అని ఆయన వాదం. ఆ వాదం పూర్తిగా నిలుస్తుందా అని మనం అడగవచ్చు. హాగ్ కూడా అడిగే ఉంటారు. కానీ ఇరవై ఏళ్లు నిండని విద్యార్థి అది రాశాడు.

రాసి, భయపడ్డాడు. పరీక్ష ఫలితం, ఆ తర్వాత ఉద్యోగం, ఇంటి బరువు, అన్నీ ఆ కాగితాల మీద ఉన్నాయి. దిద్దేది క్రైస్తవ మిషనరీ. తన విషయం మీద ఆయన వాదాలనే ఎదిరించి రాసిన కాగితాలు. ఆయనకు కోపం వస్తే? అసలే పేదవాడు. ఆ రోజుల్లో ఒక తెల్ల ప్రొఫెసరు మాటకు ఎంత విలువుండేదో మన పెద్దలకు తెలుసు.

హాగ్‌కు కోపం రాలేదు. ఈ విద్యార్థి తాత్విక సమస్యలోని ముఖ్యాంశాలను అసాధారణంగా గ్రహించాడనీ, చిక్కువాదాన్ని సునాయాసంగా నడిపించగల శక్తి ఉందనీ, ఇంగ్లీషు మీద సగటును మించిన పట్టు ఉందనీ మెచ్చుకుంటూ యోగ్యతాపత్రం రాసిచ్చారు. 1908లో ఆ వ్యాసం పుస్తకంగా వెలువడింది. రాధాకృష్ణన్ మొదటి పుస్తకం అదే. అదే 1908లో మదనపల్లెలో డాక్టర్ చాంబర్లేన్ కన్నుమూశారు.

హాగ్ చేసినది చిన్న పనా? తన విశ్వాసాన్ని ఒప్పుకోని వాదానికి ఆయన న్యాయంగా మార్కులు వేశారు. అలా వేయడం వల్ల ఆయన క్రీస్తును తక్కువ చేసినట్టా? మనలో కొందరికి అలా అనిపించవచ్చు. మాకు మాత్రం దొంగ తూకం దేవునికి అసహ్యమన్న సామెతల గ్రంథపు బోధ తరగతి గదిలో నెరవేరినట్టు తోస్తుంది. వేలూరులో కొందరి విమర్శ ఆ పిల్లవాడిని క్రీస్తుకు దూరం జరిపింది. మద్రాసులో ఒకరి న్యాయం ఆయన చేత జీవితాంతం గౌరవంగా తలచుకునేట్టు చేసింది. భారతదేశంలో పనిచేసిన గొప్ప క్రైస్తవ చింతకుల్లో హాగ్ ఒకరని రాధాకృష్ణన్ పెద్దయ్యాక రాసుకున్నారు.

తర్వాతి జీవితం అందరికీ తెలిసినదే, వేగంగా చెప్పుకుందాం. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకుడు. కొంతకాలం రాజమహేంద్రవరం. 1918లో మైసూరు. 1921లో కలకత్తా విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు మైసూరు విద్యార్థులు పూలతో అలంకరించిన బండిని తామే లాగుతూ ఆయనను రైలుస్టేషనుకు తీసుకెళ్లారు. 1923లో ‘ఇండియన్ ఫిలాసఫీ’ మొదటి సంపుటం, 1927లో రెండోది వచ్చాయి. తన విద్యార్థి దశలో పాఠ్యప్రణాళికలో లేని భారతీయ తత్వశాస్త్రాన్ని ఆ రెండు సంపుటాలతో ఆయనే లోకం ముందు పెట్టారు. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కళాశాలలో ఉపన్యాసాలిచ్చారు. అవి మరుసటి ఏడు ‘ది హిందూ వ్యూ ఆఫ్ లైఫ్’గా అచ్చయ్యాయి. అందులో కర్మ గురించి ఒక పోలిక ఉంది. చేతికి వచ్చిన పేకముక్కలు మనం ఎంచుకున్నవి కావు, ఆడే తీరు మాత్రం మనది అని దాని భావం. పాత పుస్తకాల మూటతో సబ్జెక్టు నిర్ణయమైపోయిన మనిషి రాసిన పోలిక అది! హాగ్ కర్మ మీద వేసిన ప్రశ్నకు ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆయన జవాబు చెబుతూనే ఉన్నట్టు మాకనిపిస్తుంది.

1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపాధ్యక్షుడు. 1936లో ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచ్య మతాలు, నీతిశాస్త్రాల ఆచార్య పదవి. మద్రాసులో నీతిశాస్త్రాన్ని పాత పుస్తకంలో చదువుకున్నవాడు ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో దాన్నే బోధించాడు. 1952లో ఉపరాష్ట్రపతి, 1962లో రాష్ట్రపతి.

ఆయన ఎక్కడ ఆగిపోయారో కూడా మనం దాచక్కర్లేదు. క్రీస్తును ఆయన ఎంతో గౌరవించారు. కానీ అనేక మార్గాల్లో ఒక మార్గానికి చెందిన మహాత్ముడిగానే చూశారు. మతాలన్నీ ఒకే అనుభవానికి వేర్వేరు భాషలని ఆయన నమ్మకం. మన విశ్వాసం అది కాదు. మనకు సిలువ ఒక భాష కాదు, దేవుడు చరిత్రలో చేసిన పని. ఇక్కడ ఆయనకూ మనకూ మధ్య ఉన్న తేడా నిజమైన తేడా. దాన్ని మర్యాద కోసం చెరిపేస్తే హాగ్‌కే నచ్చదు. పోలికల కంటే తేడాలను నిజాయితీగా చూపితేనే ఇద్దరికీ గౌరవం అని ఆయన అనేవారు. క్రైస్తవ కళాశాల తాంబరం తరలిన తర్వాత 1938 డిసెంబరులో అక్కడ ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. డచ్చి పండితుడు హెండ్రిక్ క్రేమర్ రాసిన గ్రంథం మీద అక్కడ పెద్ద చర్చ నడిచింది. ఇతర మతస్థుల్లో కూడా దేవునితో నిజమైన ముఖాముఖి ఉండవచ్చని హాగ్ వాదించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మనసులో ఏయే విద్యార్థుల ముఖాలు మెదిలాయో!

ఈ వేళ నిమ్మనపల్లె నుంచి పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె కాలేజీలకు వెళ్లే పిల్లల్లో మన సంఘాల పిల్లలూ ఉన్నారు. ఎంపీసీ, బైపీసీ గురించి జరిగినంత చర్చ ఇంట్లో తత్వశాస్త్రం గురించి జరగదు. ఏ పిల్లవాడైనా ఆ మాట ఎత్తితే అమ్మానాన్నలకు రెండు భయాలు. ఉద్యోగం రాదని ఒకటి, విశ్వాసం పోతుందని ఇంకొకటి. మొదటి భయానికి మా దగ్గర జవాబు లేదు. రెండో భయానికి ఆధారంగా కొలొస్సయులకు పౌలు రాసిన హెచ్చరికను చూపుతారు. ఆ హెచ్చరిక రాసిన పౌలే ఏథెన్సులో ఎపికూరీయులతో, స్తోయికులతో వాదించాడనీ, అరేయొపగు మధ్య నిలబడి గ్రీకు కవుల మాటలను ఎరిగినవాడిగా మాట్లాడాడనీ అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతుంది. తత్వజ్ఞానం వల్ల చెరపట్టబడకుండా ఉండాలంటే దాన్ని బొత్తిగా ఎరగకపోవడం ఒక్కటే దారి కాదు.

అసలు భయపడాల్సినది పుస్తకానికి కాదేమో. పిల్లవాడు ప్రశ్న తెచ్చినప్పుడు మన సండేస్కూల్లో, మన యూత్ మీటింగులో, మన ఇంట్లో ఎదురయ్యేది వేలూరా, మద్రాసా అన్నదే పెద్ద విషయం. హాగ్ లాంటి ఒక ఉపాధ్యాయుడు కూడా దొరకని పిల్లవాడు ప్రశ్నను వదులుకోడు, మనల్ని వదులుకుంటాడు.

హాగ్ 1928 నుంచి 1938 వరకు క్రైస్తవ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేశారు. తర్వాత స్కాట్లండ్ తిరిగి వెళ్లి, జీవితమంతా ఆలోచించినదాన్ని ‘ది క్రిస్టియన్ మెసేజ్ టు ది హిందూ’ అనే పుస్తకంలో రాశారు. అది 1947లో వచ్చింది. 1954లో ఆయన ప్రభువు సన్నిధికి చేరారు. అదే ఏడు ఆయన విద్యార్థికి భారతరత్న లభించింది. 1975లో, మరణానికి కొద్ది నెలల ముందు, జాన్ టెంపుల్టన్ అనే ప్రెస్బిటేరియన్ విశ్వాసి నెలకొల్పిన మత సంబంధ పురస్కారం రాధాకృష్ణన్‌కు వచ్చింది. అంతకుముందు దాన్ని అందుకున్నవారు మదర్ తెరెసా, బ్రదర్ రోజే. క్రైస్తవులు కానివారిలో మొదటివారు ఆయనే. ఆ డబ్బంతా ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1975 ఏప్రిల్ 17న మద్రాసులో కన్నుమూశారు.